మూడు కంప్యూటర్లకు ఒకే మానిటర్: దేనిని పంచుకోవాలి, దేనిని విడిగా ఉంచాలి

ప్రశ్న:

నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో లెక్కలు చూస్తాను. నా బల్ల దగ్గర మూడు కంప్యూటర్లు ఉన్నాయి. మొదటిది విండోస్ 7తో నడిచే పాత డెస్క్‌టాప్. పాత సంవత్సరాల ఖాతాలన్నీ అందులోనే ఉన్నాయి, దానికి వీజీఏ అనే పాత రకం తప్ప మానిటరు తగిలించే వేరే వీడియో పోర్టు లేదు. రెండవది బిల్లులు, జీఎస్టీ రిటర్నులు, ఈ-వే బిల్లుల కోసం రోజూ వాడే కొత్త డెస్క్‌టాప్. మూడవది హెడ్డాఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్. అందులో ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించడానికి నాకు అనుమతి లేదు. రెండు మానిటర్లు, రెండు కీబోర్డులు పెట్టాక ఫైలు విప్పి చదువుకోవడానికి బల్ల మీద జానెడు చోటు కూడా మిగలడం లేదు. మానిటర్లలో మంచిదానికి వెనుక కొత్త రకం హెచ్‌డీఎంఐ పోర్టు ఒకటి, వీజీఏ పోర్టు ఒకటి ఉన్నాయి. తెలిసినవారి దగ్గర ఒక స్విచ్ బాక్సు అడిగి తెచ్చి, పాత కంప్యూటరుకు వీజీఏని హెచ్‌డీఎంఐగా మార్చే కన్వర్టరు పెట్టి, మూడింటినీ ఆ మానిటరుకు కలిపి చూశాను. ఒక కంప్యూటరు నుంచి ఇంకొకదానికి వెళ్లి తిరిగి వస్తే పాతదానిలో అక్షరాలు సాగి, అలుక్కుపోయినట్లు కనిపిస్తున్నాయి. ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉంచిన విండోలు చోటు మారిపోతున్నాయి. కరెంటు పోయి వచ్చాక పాత కంప్యూటరు కీబోర్డు లేదంటూ మొదట్లోనే ఆగిపోతోంది. సీజన్‌లో గేటు దగ్గర బండ్లను తూచే వేబ్రిడ్జి కంప్యూటరును కూడా నా బల్ల నుంచే చూడగలిగితే బాగుంటుంది, కానీ అది సుమారు 80 మీటర్ల దూరంలో ఉంది. నేను ఎలాంటి బాక్సు కొనాలి? బాక్సు లేకుండా సాఫ్ట్‌వేరుతో ఈ పని అవుతుందా?

— ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం:

మీరు మొత్తం నాలుగు కంప్యూటర్ల గురించి అడిగారు గానీ, నాలుగింటితోనూ మీకున్న అవసరం ఒకే రకమైనది కాదు. కొత్త డెస్క్‌టాప్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య మీరు రోజంతా అటూ ఇటూ తిరుగుతూ ఉండాలి. పాత కంప్యూటరును ఏదైనా పాత బిల్లు వెతకవలసి వచ్చినప్పుడో, ఆడిటరు అడిగినప్పుడో మాత్రమే తెరవాలి. వేబ్రిడ్జి కంప్యూటరును మీరు చూడాలే తప్ప నడపనక్కరలేదు. నాలుగింటికీ ఒకే బాక్సు వెతికితే ఖర్చూ పెరుగుతుంది, చిక్కులూ పెరుగుతాయి. అందుచేత నా సలహాను ముందే చెబుతాను. రెండు కంప్యూటర్లకు సరిపోయే హెచ్‌డీఎంఐ కేవీఎం స్విచ్ (ఒకే కీబోర్డు, మౌస్, మానిటరును కంప్యూటర్ల మధ్య మార్చే పెట్టె) ఒకటి కొని, కొత్త డెస్క్‌టాప్‌నూ ల్యాప్‌టాప్‌నూ మాత్రమే దానికి కలపండి. పాత కంప్యూటరును ఆ స్విచ్‌తో సంబంధం లేకుండా మానిటరు వెనుక ఉన్న వీజీఏ పోర్టుకు నేరుగా కలపండి. వేబ్రిడ్జి తెరను నెట్‌వర్క్ ద్వారా, చూడడానికి మాత్రమే తెచ్చుకోండి.

మీరు తెచ్చిన బాక్సు ఎందుకు ఇబ్బంది పెట్టిందో తెలిస్తే, కొనేటప్పుడు ఏమి చూడాలో దానంతట అదే తెలుస్తుంది. ప్రతి మానిటరులోనూ ఒక చిన్న చిప్ ఉంటుంది. తన తయారీదారు ఎవరు, తెర కొలత ఎంత, ఏ రిజల్యూషన్ (తెర మీది చుక్కల లెక్క) తనకు సహజమైనది అనే వివరాలను అది కంప్యూటరుకు చెబుతుంది. 1994లో వెసా అనే ప్రమాణాల సంస్థ స్థిరపరచిన ఈ సమాచారపు కట్టను ఈడీఐడీ అంటారు. దాని మూల భాగం 128 బైట్లు మాత్రమే, కానీ తెర మీద బొమ్మ సరిగ్గా రావడమంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. హెచ్‌డీఎంఐ కేబులులోని 19 పిన్నులలో కొన్ని ఈ సమాచారాన్ని తీసుకువెళితే, చివరి పిన్ను అవతలి వైపు మానిటరు ఉన్నదా లేదా అన్న సంగతిని కంప్యూటరుకు తెలియజేస్తుంది. చవక బాక్సులు బటన్ నొక్కగానే ఈ తీగలన్నింటినీ ఒక కంప్యూటరు నుంచి తెంచి ఇంకొకదానికి కలుపుతాయి. అప్పుడు వదిలిపెట్టిన కంప్యూటరు తన మానిటరును ఎవరో పీకేశారని అనుకుంటుంది. మీ ల్యాప్‌టాప్ వెంటనే విండోలన్నింటినీ తన సొంత తెర మీదికి లాక్కోవడానికి కారణం ఇదే. మీరు తిరిగి వచ్చేసరికి అవి వేరే చోట, వేరే కొలతలో ఉంటాయి.

పాత కంప్యూటరు సంగతి కొంచెం వేరు. మీరు పెట్టిన కన్వర్టరు మానిటరు ఇచ్చే వివరాలను సరిగ్గా వెనక్కి పంపకపోయినా, కంప్యూటరు వాటిని అడిగే సమయంలో స్విచ్ వేరే వైపు ఉన్నా, విండోస్ 7కు అవతల ఎలాంటి తెర ఉన్నదో తెలియదు. అప్పుడది 1024×768 వంటి సురక్షితమైన పాత కొలతను ఎంచుకుంటుంది. నాలుగుకు మూడు నిష్పత్తిలో ఉన్న ఆ బొమ్మను పదహారుకు తొమ్మిది నిష్పత్తిలో ఉన్న మీ మానిటరు అడ్డంగా సాగదీసి తెర నిండా పరుస్తుంది. అక్షరాలు అలుక్కుపోయినట్లు కనిపించడానికి కారణం ఈ సాగదీతే కాబట్టి, మానిటరులో గానీ మీ కళ్లలో గానీ లోపం వెతకనక్కరలేదు. నేరుగా వీజీఏ కేబులుతో కలిపితే కంప్యూటరు మానిటరు వివరాలను మధ్యవర్తి లేకుండా చదువుకుంటుంది, కన్వర్టరు అవసరమే ఉండదు. వీజీఏ అనలాగ్ సంకేతం కాబట్టి మొదటిసారి కలిపాక మానిటరు మెనూలోని ఆటో అడ్జస్ట్‌ను ఒకసారి నొక్కండి, తెర అంచులు సరిగ్గా కూర్చుంటాయి.

ఇక కీబోర్డు. చవక బాక్సులో కీబోర్డు ఏ క్షణానికైనా ఒక్క కంప్యూటరుకే కనిపిస్తుంది. కరెంటు తిరిగి వచ్చినప్పుడు మూడు కంప్యూటర్లూ లేచి ఉంటాయి, కానీ స్విచ్ ఏ వైపు ఉంటే ఆ కంప్యూటరుకు మాత్రమే కీబోర్డు దొరికి ఉంటుంది. పాత మదర్‌బోర్డులు ఆన్ అయ్యేటప్పుడు చేసుకునే తనిఖీలో కీబోర్డు కనబడకపోతే, ఎఫ్1 నొక్కమని చెప్పి అక్కడే నిలబడిపోతాయి. బయాస్ (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) సెట్టింగులలో హాల్ట్ ఆన్ అనే అంశాన్ని మార్చి, కీబోర్డు లేకపోయినా ముందుకు సాగేలా చేయవచ్చు. మీ విషయంలో అంతకన్నా సులువైన దారి ఉంది. బల్ల మీద నుంచి తీసేయబోయే రెండవ కీబోర్డునూ మౌస్‌నూ పాత కంప్యూటరుకే శాశ్వతంగా తగిలించి, సొరుగులోనో బల్ల కింది పలక మీదో ఉంచండి. అవసరమైనప్పుడు బయటకు తీయవచ్చు. దానికి వెనుక ఊదా, ఆకుపచ్చ రంగుల గుండ్రటి పోర్టులు ఉండి, మీ పాత కీబోర్డు కూడా ఆ రకానిదే అయితే అందులోనే పెట్టండి. ఆ గుండ్రటి పోర్టూ, వీజీఏ పోర్టూ రెండూ 1987లో ఐబీఎం తెచ్చిన పీఎస్/2 కంప్యూటర్లతో కలిసి వచ్చినవే. అయితే గుండ్రటి పోర్టులో కీబోర్డును కంప్యూటరు నడుస్తుండగా తీసి పెట్టకూడదు. ఆపివేసి పెట్టాలి.

ఇలా అమర్చుకుంటే పాత కంప్యూటరు కావలసినప్పుడు మానిటరు మీది ఇన్‌పుట్ బటన్‌తో వీజీఏకు మారాలి. సంవత్సరంలో కొన్ని రోజులు మాత్రమే చేసే పనికి ఇది పెద్ద శ్రమ కాదు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. చాలా మానిటర్లు ఒక పోర్టులో సంకేతం ఆగగానే వేరే పోర్టులో ఏమైనా వస్తున్నదా అని తమంతట తామే వెతుకుతాయి. మీరు కేవీఎం బటన్ నొక్కిన ఆ ఒకటి రెండు సెకన్ల చీకటిలో, పాత కంప్యూటరు నడుస్తూ ఉంటే, మానిటరు వీజీఏకు దూకేసి అక్కడే ఉండిపోవచ్చు. మానిటరు మెనూలో ఇన్‌పుట్ ఎంపికను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చండి.

కేవీఎం కొనేటప్పుడు దుకాణదారుకు మీరు స్పష్టంగా చెప్పవలసిన మాట ఒకటే: ఎంపిక కాని కంప్యూటరుకు కూడా మానిటరు ఉన్నట్లే చూపించే, అంటే ఈడీఐడీ ఎమ్యులేషన్ ఉన్న స్విచ్ కావాలి. అటువంటి స్విచ్ మానిటరు వివరాలను తన దగ్గర దాచుకుని రెండు కంప్యూటర్లకూ ఎల్లప్పుడూ చూపిస్తూ ఉంటుంది కాబట్టి విండోలు కదలవు, రిజల్యూషన్ మారదు. అదే విధంగా కీబోర్డు, మౌస్ కూడా ఎప్పుడూ తగిలించి ఉన్నట్లు చూపే స్విచ్‌లు ఉన్నాయి. వాటిలో మార్పిడి వెంటనే జరుగుతుంది, కరెంటు పోయి వచ్చినా రెండు కంప్యూటర్లూ ఆగకుండా లేస్తాయి. ఈ సౌకర్యం లేని స్విచ్‌లో ప్రతి మార్పిడీ కీబోర్డును పీకి మళ్లీ గుచ్చినట్లే జరిగి, అది పలకడానికి కొన్ని సెకన్లు పడుతుంది. మీ పనిలో రోజుకు ఎన్నోసార్లు మారుతారు కాబట్టి ఈ రెండవ సౌకర్యానికి కూడా కొంచెం ఎక్కువ ధర పెట్టమనే నేను అంటాను.

దుకాణాలలో ఒకే రకంగా కనిపించే మూడు పెట్టెలు ఉంటాయి, వాటిని కలగాపులగం చేసి అమ్మేస్తుంటారు. హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ ఒక కంప్యూటరు బొమ్మను రెండు తెరలకు పంపుతుంది, మీకు కావలసిన దానికి సరిగ్గా తలకిందులు. హెచ్‌డీఎంఐ స్విచ్ తెరను మాత్రమే మారుస్తుంది, కీబోర్డును పట్టించుకోదు. యూఎస్‌బీ పోర్టులు కూడా ఉండి, ప్రతి కంప్యూటరుకూ ఒక హెచ్‌డీఎంఐ, ఒక యూఎస్‌బీ కేబులు వెళితే అది కేవీఎం. చిత్తూరులో దొరకకపోతే తిరుపతిలోనో వేలూరులోనో చూడవచ్చు. చెన్నై వెళ్లే పని ఉన్నవారు ఎవరైనా రిచీ స్ట్రీట్‌లో కొని తెచ్చిపెడతానని అంటే, సరిపడకపోతే తిరిగి ఇవ్వడం కష్టమవుతుందని గుర్తుంచుకోండి. ఎక్కడ కొన్నా, హెడ్డాఫీసువారు అభ్యంతరం చెప్పకపోతే ల్యాప్‌టాప్‌ను వెంట తీసుకువెళ్లి, దుకాణంలోని మానిటరుకు కలిపి, రెండు మూడు విండోలు తెరిచి, స్విచ్‌ను అటు మార్చి ఇటు తెచ్చి చూడండి. విండోలు కదలకుండా ఉంటే అది మీకు పనికివచ్చే పెట్టె.

పెట్టె మీద 4కే (చాలా ఎక్కువ రిజల్యూషన్) అన్న మాటను చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. మీ మానిటరు 1920×1080 రిజల్యూషన్‌ది అయితే హెచ్‌డీఎంఐ 1.4 స్థాయి స్విచ్ కూడా ఎక్కువే. భవిష్యత్తులో 4కే మానిటరు కొనే ఆలోచన ఉంటే మాత్రం, సెకనుకు 60 సార్లు తెర మారాలంటే 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 అవసరం. అంతకు ముందరి 1.4 ప్రమాణం 4కేను సెకనుకు 30 సార్ల దగ్గరే ఆపేస్తుంది, అప్పుడు మౌస్ బాణం ఈడుస్తున్నట్లు అనిపిస్తుంది. కేబుళ్లు పొట్టిగా, ఒక్కొక్కటి రెండు మీటర్లకు మించకుండా ఉండాలి. కంప్యూటరు నుంచి స్విచ్‌కు, అక్కడి నుంచి మానిటరుకు వెళ్లే రెండు ముక్కల పొడవూ కలిపి లెక్కకు వస్తుంది. స్విచ్‌కు అడాప్టరు ఇస్తే దానిని కూడా మానిటరుతో పాటు యూపీఎస్ మీదనే పెట్టండి. కంప్యూటర్లు యూపీఎస్ మీద నడుస్తూ, స్విచ్ ఒక్కటి ఆరిపోతే, సరిగ్గా షట్‌డౌన్ చేయవలసిన ఆ కొద్ది నిమిషాలలోనే మీకు కీబోర్డు ఉండదు.

కీబోర్డు మీటలతో మారే సౌకర్యం చాలా స్విచ్‌లలో ఉంటుంది. తరచుగా స్క్రోల్ లాక్ మీటను రెండుసార్లు నొక్కి, తరువాత అంకెనో బాణం మీటనో నొక్కాలి. లెక్కలు చూసేవారు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. నొక్కడంలో తేడా వచ్చి స్క్రోల్ లాక్ ఆన్‌లో ఉండిపోతే, ఎక్సెల్‌లో బాణం మీట నొక్కినప్పుడు గడి కదలదు, షీటు మొత్తం జరుగుతుంది. ఎక్సెల్ పాడైందని కంగారు పడకుండా ఆ మీటను ఇంకొకసారి నొక్కితే చాలు. కంట్రోల్ మీటకు మార్చుకునే వీలు ఉంటే మార్చుకోండి. మీ కీబోర్డు వైర్‌లెస్‌ది అయితే, దాని చిన్న రిసీవరు స్విచ్‌లో కీబోర్డు బొమ్మ వేసి ఉన్న పోర్టులో పని చేయకపోవచ్చు. పక్కనున్న మామూలు యూఎస్‌బీ పోర్టులో పెడితే పని చేస్తుంది గానీ, మీటలతో మారే సౌకర్యం సాధారణంగా పోతుంది. కేవీఎంకు తీగ ఉన్న మామూలు కీబోర్డే అన్నిటికన్నా నమ్మకమైనది.

ఆ మామూలు యూఎస్‌బీ పోర్టు గురించి మీకు ప్రత్యేకంగా, కొంచెం గట్టిగానే చెప్పాలని ఉంది. కేవీఎంలలో కీబోర్డు, మౌస్ పోర్టులు కాక ఇంకొకటో రెండో ఖాళీ పోర్టులు ఉంటాయి, అక్కడ ఏది పెట్టినా అది కూడా కంప్యూటరుతో పాటే మారిపోతుంది. డిజిటల్ సంతకం టోకెన్‌ను (పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ పరికరం) అందులో పెట్టుకోవడం చాలా సౌకర్యంగా కనిపిస్తుంది. కంపెనీలూ ఎల్ఎల్‌పీలూ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థలూ) జీఎస్టీ రిటర్నును డిజిటల్ సంతకంతోనే దాఖలు చేయాలి కాబట్టి, మీ ఫ్యాక్టరీ అటువంటి సంస్థదే అయితే మీ దగ్గర ఆ టోకెన్ ఉండి ఉంటుంది. పోర్టల్‌లో సంతకం జరుగుతుండగా ల్యాప్‌టాప్‌లో మెయిలు చూద్దామని మీరు బటన్ నొక్కితే, టోకెన్ కొత్త డెస్క్‌టాప్ నుంచి ఊడిపోయినట్లే. ఆ సంతకం మధ్యలో తెగిపోతుంది, గడువు చివరి రోజున పోర్టల్ నెమ్మదిగా ఉన్నప్పుడు ఇది జరిగితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అంతకన్నా ముఖ్యమైనది, ఆ టోకెన్ మీ యజమాని సంతకంతో సమానం కాబట్టి అది ఏ కంప్యూటరుకు తగిలి ఉన్నదో మీకు ఎప్పుడూ అనుమానం లేకుండా తెలిసి ఉండాలి. దానిని కొత్త డెస్క్‌టాప్ ముందు పోర్టులో నేరుగా పెట్టి, పని కాగానే తీసి బీరువాలో భద్రపరచండి.

పెన్‌డ్రైవ్‌కూ, బ్యాకప్ తీసుకునే హార్డ్ డిస్కుకూ ఇదే నియమం. ఫైళ్లు రాస్తుండగా స్విచ్ మారితే అది సురక్షితంగా తీయకుండా పీకేయడమే. పోయేది ఆ ఒక్క ఫైలే కాకపోవచ్చు, డ్రైవు మొత్తం తెరుచుకోకుండా పోవచ్చు. ప్రింటరును కూడా స్విచ్‌కు కలపవద్దు. బిల్లు సగం అచ్చయ్యాక మీరు మారితే కాగితం అక్కడే నిలిచిపోతుంది. ప్రింటరును కొత్త డెస్క్‌టాప్‌కే ఉంచి, ల్యాప్‌టాప్ నుంచి నెట్‌వర్క్ ద్వారా ప్రింటు ఇవ్వడానికి హెడ్డాఫీసు వారిని సెట్టింగు చేయమనండి.

సాఫ్ట్‌వేరుతో అవుతుందా అన్న మీ ప్రశ్నకు వస్తాను. అవుతుంది, కానీ ఆ పద్ధతి వేరే అవసరానికి పుట్టినది. ఒకే బల్ల మీద ప్రతి కంప్యూటరుకూ దాని తెర దానికి ఉండి, కీబోర్డు, మౌస్ మాత్రం ఒకటే కావాలన్నప్పుడు అది చక్కగా పని చేస్తుంది. మౌస్ బాణాన్ని ఒక తెర అంచు దాటిస్తే పక్క కంప్యూటరు తెర మీద ప్రత్యక్షమవుతుంది. మైక్రోసాఫ్ట్ వారి మౌస్ వితౌట్ బోర్డర్స్ నాలుగు విండోస్ కంప్యూటర్ల వరకు ఇలా కలుపుతుంది, 2023 నుంచి అది పవర్‌టాయ్స్ అనే ఉచిత సంపుటిలో భాగంగా వస్తున్నది. విండోస్, లినక్స్, మ్యాక్ కలగలిసి ఉన్నవారికి డెస్క్‌ఫ్లో, ఇన్‌పుట్ లీప్ వంటివి ఉన్నాయి. ఇంట్లో సొంత ల్యాప్‌టాప్, సొంత డెస్క్‌టాప్ పక్కపక్కన పెట్టుకుని పని చేసుకునేవారికి నేను వీటినే ముందుగా చెబుతాను, ఎందుకంటే పైసా ఖర్చు లేదు. మీకు మాత్రం వద్దంటున్నాను. బల్ల మీద తెరల సంఖ్య తగ్గించడం మీ మొదటి అవసరం, అది వీటితో తీరదు. హెడ్డాఫీసు ల్యాప్‌టాప్‌లో మీరు ఏదీ ఎక్కించకూడదు, ఆ నియమాన్ని దాటే ఉపాయం నేను చెప్పను. పైగా ఈ సాఫ్ట్‌వేర్లు ఒక కంప్యూటరులో కాపీ చేసినదాన్ని ఇంకొకదానిలో పేస్ట్ చేసే వీలు ఇస్తాయి. అంటే మీరు కాపీ చేసిన బ్యాంకు పాస్‌వర్డు కూడా అవతలి కంప్యూటరుకు చేరుతుంది. మామూలు కేవీఎం స్విచ్ రెండు కంప్యూటర్ల మధ్య ఫైళ్లకు గానీ నెట్‌వర్క్‌కు గానీ దారి ఇవ్వదు. మీ ఆఫీసుకు అది లోపం కాదు, మేలు. అయినా హెడ్డాఫీసు ఐటీ వారికి ఒక మాట చెప్పి కలపండి.

ల్యాప్‌టాప్‌ను మూసి పక్కన నిలబెట్టి, పెద్ద తెర మీదనే వాడదలచుకుంటే, పవర్ సెట్టింగులలో మూత మూసినప్పుడు ఏమీ చేయవద్దు అన్నదాన్ని ఎంచుకోవాలి. లేకపోతే అది నిద్రలోకి వెళ్లిపోతుంది. విండోస్ 11 అయితే డిస్‌ప్లే సెట్టింగులలో మానిటరు కలిసి ఉన్నప్పటి విండోల స్థానాలను గుర్తుంచుకునే ఎంపిక కూడా ఉన్నది. ఈ రెండూ మామూలు సెట్టింగులే, సాఫ్ట్‌వేరు ఎక్కించనక్కరలేదు.

పాత కంప్యూటరు గురించి ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో మద్దతు ఆపేసింది. అప్పటి నుంచి బయటపడుతున్న భద్రతా లోపాలకు దానిలో మరమ్మత్తు లేదు. పాత సంవత్సరాల ఖాతాలన్నీ అందులో ఉన్నాయంటున్నారు కాబట్టి దానికి ఇంటర్నెట్ గానీ ఆఫీసు నెట్‌వర్క్ గానీ కలపకండి. మెషీన్ల మధ్య కీబోర్డును సాఫ్ట్‌వేరుతో పంచుకోవడానికి నెట్‌వర్క్ తప్పనిసరి కాబట్టి ఆ మార్గం దీనికి అసలే పనికిరాదు. ముందుగా ఆ ఖాతాల ప్రతిని రెండు వేర్వేరు డ్రైవులలోకి తీసి, ఒకటి ఆఫీసులోనూ ఒకటి వేరే చోటా ఉంచండి. వీలైతే తెలిసిన కంప్యూటరు మనిషి చేత ఆ హార్డ్ డిస్కు మొత్తాన్ని వర్చువల్ మెషీన్‌గా, అంటే ఇంకొక కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేరుగా నడిచే కంప్యూటరుగా మార్పించి, కొత్త డెస్క్‌టాప్‌లోనే ఒక విండోగా, నెట్‌వర్క్ లేకుండా తెరిచేలా చేయించుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే డిస్క్2వీహెచ్‌డీ అనే సాధనం ఈ పనికే ఉన్నది. అప్పుడు పాత పెట్టెకు బల్ల దగ్గర చోటే అవసరం ఉండదు. అయితే పాత ఖాతాల సాఫ్ట్‌వేరు ఆ కంప్యూటరు హార్డ్‌వేరుకు ముడిపడిన లైసెన్సుతోనో, డోంగిల్ అనే తాళంచెవి లాంటి పరికరంతోనో నడుస్తుంటే వర్చువల్ మెషీన్‌లో అది తెరుచుకోకపోవచ్చు. కాబట్టి అందులో ఒక పాత సంవత్సరం బ్యాలెన్సు షీటు తెరిచి చూసుకున్న తరువాతనే పాత పెట్టెను పక్కన పెట్టండి, హార్డ్ డిస్కును మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

ఇక వేబ్రిడ్జి. ఈ ఒక్క విషయంలో తొందరపడవద్దని కోరుతున్నాను, ఎందుకంటే జూన్, జూలై నెలల్లో తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరి ఉన్నప్పుడు ఆ కంప్యూటరు పది నిమిషాలు ఆగినా రైతులు ఎండలో నిలబడతారు. ఆ కంప్యూటరును మీ గదికి తెచ్చే ప్రసక్తి లేదు. తూకం యంత్రం ఇండికేటరు సాధారణంగా సీరియల్ పోర్టు ద్వారా బరువును పంపుతుంది, ఆ తీగ కొద్ది మీటర్ల దూరానికే నమ్మకంగా పని చేస్తుంది. మామూలు హెచ్‌డీఎంఐ కేబులు కూడా 80 మీటర్లు రాదు, యూఎస్‌బీ 2.0 కేబులు హద్దు 5 మీటర్లు. నెట్‌వర్క్ కేబులు మీద కేవీఎంను దూరం తీసుకువెళ్లే ఎక్స్‌టెండర్లు ఉన్నమాట నిజమే. కానీ వాటితో మీ మౌస్, తూకం రాసే మనిషి మౌస్ ఒకే తెర మీద తిరుగుతాయి. రైతు కళ్లెదుట తూకం పడుతున్నప్పుడు ఎక్కడో ఆఫీసు గది నుంచి ఇంకొక చేయి ఆ తెరను కదిలించగలదన్న అనుమానానికి తావు ఇవ్వకూడదు. తూకం మీద నమ్మకం పోతే దాన్ని ఏ రసీదూ తిరిగి తేలేదు.

విండోస్‌లోనే ఉన్న రిమోట్ డెస్క్‌టాప్ సరిపోతుందని మీకు ఎవరైనా చెప్పవచ్చు. దానితో రెండు చిక్కులున్నాయి. విండోస్ హోమ్ ఎడిషన్ అయితే బయటి నుంచి వచ్చే రిమోట్ డెస్క్‌టాప్‌ను అది ఒప్పుకోదు. ప్రో ఎడిషన్ అయితే ఒప్పుకుంటుంది గానీ, ఒకే సమయంలో ఒక్కరినే అనుమతిస్తుంది. మీరు ఇక్కడి నుంచి లోపలికి వెళ్లగానే గేటు దగ్గరి తెర లాక్ అయిపోయి, తూకం ఆగిపోతుంది. దానికి బదులు వీఎన్‌సీ రకం సాఫ్ట్‌వేరు అయితే అక్కడి తెరను ఉన్నది ఉన్నట్లే ఇంకొక చోట చూపిస్తుంది, అక్కడి మనిషి పనికి అడ్డురాదు. టైట్‌వీఎన్‌సీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో చూడడానికి మాత్రమే పనికివచ్చే పాస్‌వర్డును వేరుగా పెట్టవచ్చు. మీకు ఆ పాస్‌వర్డు మాత్రమే ఉండాలి, కంప్యూటరును నడపడానికి కూడా వీలిచ్చే రెండవది యజమాని దగ్గర ఉండాలి. వీఎన్‌సీ సంకేతాలు మామూలుగా రహస్యలిపిలో వెళ్లవు కాబట్టి దీన్ని ఫ్యాక్టరీ లోపలి నెట్‌వర్క్‌కే పరిమితం చేసి, బయటి ఇంటర్నెట్ నుంచి దారి తెరవకండి. వేబ్రిడ్జి సాఫ్ట్‌వేరు అమ్మినవారిని కూడా ఒకసారి అడగండి. తూకం చీటీల జాబితాను ఒక ఉమ్మడి ఫోల్డరులోకి ఎప్పటికప్పుడు పంపే వీలు ఆ సాఫ్ట్‌వేరులో ఉంటే మీకు తెర చూడవలసిన అవసరమే తగ్గిపోతుంది, అన్నింటికన్నా అదే శుభ్రమైన మార్గం.

80 మీటర్లు ఈథర్‌నెట్ కేబులుకు ఉన్న 100 మీటర్ల హద్దులోనే వస్తుంది. అయినా రెండు కట్టడాల మధ్య ఆరుబయట రాగి తీగ లాగవద్దనే నా మాట. మన ప్రాంతంలో ఎండాకాలం చివర, సరిగ్గా సీజన్ మొదలయ్యే రోజులలో, సాయంత్రాలు ఉరుములతో వానలు పడతాయి. దగ్గరలో ఎక్కడ పిడుగు పడినా, ఆ తీగ గుండా వచ్చే విద్యుత్ తాకిడి రెండు వైపులా ఉన్న కంప్యూటర్లనూ తూకం ఇండికేటరునూ కాల్చివేయగలదు. ఆప్టికల్ ఫైబరు కేబులు వేయించి, రెండు చివరలా మీడియా కన్వర్టర్లు (ఫైబరును మామూలు నెట్‌వర్క్ కేబులుకు కలిపే పెట్టెలు) పెట్టిస్తే ఆ ప్రమాదం ఉండదు, ఎందుకంటే గాజు పోగులో విద్యుత్తు ప్రవహించదు. అందులో బలం కోసం ఉక్కు తీగో, లోహపు తొడుగో ఉన్న రకాన్ని మాత్రం వద్దనండి. ఊళ్లో కేబుల్ టీవీ, ఇంటర్నెట్ వేసేవారు ఈ పని చేయగలరు. గేటూ ఆఫీసూ ఒకదానికొకటి నేరుగా కనిపిస్తుంటే వైఫై వంతెన పరికరాల జత కూడా సరిపోతుంది, కానీ మధ్యలో లారీలు నిలబడే చోటైతే ఫైబరే మేలు.

ఈ మార్పులన్నింటినీ ఒకే రోజు చేయకండి. మొదట పాత కంప్యూటరు ఖాతాల ప్రతులు తీసి, దాన్ని వీజీఏకు కలపండి. తరువాత కేవీఎం పెట్టి, రెండు కంప్యూటర్ల వైపు వెళ్లే కేబుళ్లకు పేర్లు రాసిన చీటీలు అంటించి, వారం రోజులు రోజువారీ పని చేసి చూడండి. వేబ్రిడ్జి పని మాత్రం మే నెలలోపు పూర్తి కావాలి, కాకపోతే సీజన్ అయ్యేదాకా దాని జోలికి వెళ్లవద్దు. బల్ల మీద మిగిలిపోయే రెండవ మానిటరును అమ్మేయకుండా వేబ్రిడ్జి గదికి స్పేరుగా ఉంచండి. కేవీఎం అమర్చిన వారంలో ఒక సాయంత్రం, అన్ని కంప్యూటర్లనూ సక్రమంగా షట్‌డౌన్ చేసి, మెయిన్ స్విచ్ ఆపి, మళ్లీ వేసి, కంప్యూటర్లను ఆన్ చేసి, కేవీఎం బటన్ ఏ వైపు ఉన్నా ప్రతి కంప్యూటరూ లాగిన్ తెర దాకా వస్తున్నదా లేదా చూడండి. ఏదైనా రాకపోతే ఆ కంప్యూటరు బయాస్‌లో హాల్ట్ ఆన్ సెట్టింగును మార్పించండి. అప్పటికీ రాకపోతే, దుకాణంవారు ఇచ్చిన గడువు లోపలే ఆ స్విచ్‌ను తిరిగి ఇచ్చి, కీబోర్డు ఎమ్యులేషన్ ఉన్న మరొకదాన్ని తీసుకోండి.